పాలస్తీనా ప్రతిఘటన కవిత్వం - మతాంతర సంఘీభావం: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

పాలస్తీనా ప్రతిఘటన కవిత్వాన్ని సాధారణంగా జాతీయోద్యమ కవిత్వంగానో, నిర్వాసిత కవిత్వంగానో పరిశీలించడం పరిపాటి. 1948 తరువాత ఇజ్రాయెల్ సరిహద్దులలో మిగిలిపోయిన అరబ్బుల మధ్య రూపుదిద్దుకొన్న ఈ కవిత్వంలో ముస్లిం, క్రైస్తవ, ద్రూజ్ కవులతో పాటు ఇరాక్ నుంచి వచ్చిన యూదు రచయితలూ పాలుపంచుకొన్నారు. ఈ కలయికకు ఆధారమైన పత్రికలు, భాష, ప్రతీకలు, అనువాదాలు ఏవి? అది ఎందుకు నిలవలేకపోయింది? ఈ రెండు ప్రశ్నలకు చారిత్రక ఆధారాలతో సమాధానం వెదకడం ఈ వ్యాస ప్రధానోద్దేశం.

కీలకపదాలు: పాలస్తీనా, ప్రతిఘటన కవిత్వం, మతాంతర సంఘీభావం, అల్-జదీద్, మహమూద్ దర్వీష్, అనువాదం.

1. ఉపోద్ఘాతం:

"ప్రతిఘటన సాహిత్యం" అన్న మాటను పాలస్తీనా రచనలకు అన్వయించి ప్రచారంలోకి తెచ్చినవాడు గస్సాన్ కనఫానీ. 1948-1966 మధ్య ఆక్రమిత పాలస్తీనాలో వెలువడిన సాహిత్యంపై ఆయన రాసిన గ్రంథం 1966లో బీరూట్‌లో వెలువడింది. అంతవరకు అరబ్ ప్రపంచానికి దాదాపుగా తెలియని మహమూద్ దర్వీష్, సమీహ్ అల్-ఖాసిం, తౌఫీఖ్ జయ్యాద్ వంటి కవులు ఆ గ్రంథంతో వెలుగులోకి వచ్చారు. ఈ ముగ్గురి నేపథ్యాలు ఒకటి కావు. దర్వీష్, జయ్యాద్ ముస్లిం కుటుంబాలలో పుట్టినవారు. అల్-ఖాసిం ద్రూజ్ సమాజానికి చెందినవారు. వీరికంటే ముందుతరం కవి హన్నా అబూ హన్నా క్రైస్తవులు. వీరి రచనలు వెలువడిన పత్రికకు సంపాదకత్వం వహించిన ఎమీల్ హబీబీ కూడా క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చినవారే. అదే పత్రికలో బాగ్దాద్ యూదులు అరబిక్‌లో రాశారు.

ఈ వైవిధ్యాన్ని "మతసామరస్యం" అన్న ఒక్క మాటతో సరిపెట్టడం చరిత్రకు న్యాయం చేయదు. సామరస్యమనే భావన రెండు మతాల మధ్య తగవు ఉందని ముందే ఊహిస్తుంది. ఇక్కడి తగవు భూమికీ, పౌరహక్కులకూ, తిరిగివచ్చే హక్కుకూ సంబంధించినది. ఆ తగవులో భిన్నమతస్థులు ఒకే పక్షాన నిలబడి కవిత్వం రాయడమే ఈ వ్యాసంలో "మతాంతర సంఘీభావం" అన్న మాటకు అర్థం.

2. చారిత్రక నేపథ్యం:

1948 యుద్ధంలో ఏడు లక్షలకు పైగా పాలస్తీనీయులు నిర్వాసితులయ్యారు. నాలుగు వందలకు పైగా గ్రామాలు నిర్మానుష్యమయ్యాయి. ఈ విధ్వంసాన్నే పాలస్తీనీయులు "నక్బా" అంటారు. కొత్త రాజ్యపు సరిహద్దులలో మిగిలినవారు సుమారు లక్షన్నర మంది. వీరికి పౌరసత్వం లభించినా, 1966 చివరి వరకు సైనిక పాలన కిందనే బతకవలసివచ్చింది. ఒక ఊరి నుంచి మరొక ఊరికి వెళ్లాలంటే సైనికాధికారి అనుమతిపత్రం ఉండాలి.

దర్వీష్ జీవితం ఈ స్థితికి ఉదాహరణ. 1941లో గలిలీ ప్రాంతంలోని అల్-బిర్వా గ్రామంలో పుట్టిన ఆయన 1948లో కుటుంబంతో లెబనాన్‌కు తరలివెళ్లారు. మరుసటి ఏడాది రహస్యంగా తిరిగివచ్చేసరికి ఊరు లేదు. జనగణన సమయంలో లేరు కనుక చట్టం దృష్టిలో ఆ కుటుంబం "హాజరైన గైరుహాజరీల" కోవలోకి చేరింది. మనిషి కళ్లెదుట ఉంటాడు. అతని ఆస్తికి సంబంధించినంతవరకు లేనట్టే లెక్క. అధికారులు గుర్తింపు పత్రం అడగడం, పౌరుడు జవాబు చెప్పడం అన్న నిత్యానుభవమే 1964లో ఆయన "గుర్తింపు పత్రం" కవితకు భూమిక అయింది.

ఇటువంటి నిర్బంధంలో నవల కంటే, నాటకం కంటే కవిత్వం ముందుకు రావడానికి తగిన కారణాలున్నాయి. ముద్రణపై సెన్సారు ఉంది. నగరాలలోని విద్యావంతవర్గం చాలావరకు నిర్వాసితమైంది. అచ్చు లేకపోయినా కవిత్వం నోటి మీద బతుకుతుంది. 1950లలో గ్రామాలలో జరిగిన కవిసమ్మేళనాలకు జనం పెద్ద ఎత్తున వచ్చేవారు. పెళ్లిళ్లలో ఆశువుగా పాడే జానపద కవుల సంప్రదాయం ఆ శ్రోతలను అప్పటికే సిద్ధం చేసి ఉంచింది. సభలో కవిత చదివినందుకు ఉపాధ్యాయ ఉద్యోగం పోవడం, ఊరు దాటరాదన్న ఆంక్ష పడడం, జైలుకు వెళ్లడం నాటి కవుల జీవితాలలో సామాన్య విషయాలు.

3. అల్-ఇత్తిహాద్, అల్-జదీద్ పత్రికల పాత్ర:

సంఘీభావానికి సదుద్దేశం ఒక్కటే చాలదు, దానికొక స్థలం కావాలి. ఆ స్థలాన్ని కమ్యూనిస్టు పార్టీ పత్రికలు సమకూర్చాయి. అల్-ఇత్తిహాద్ 1944లో హైఫాలో మొదలైంది. ఎమీల్ తూమా, ఎమీల్ హబీబీ దాని స్థాపకులలో ఉన్నారు. 1950ల తొలినాళ్లలో దాని సాహిత్య శాఖగా అల్-జదీద్ వెలువడసాగింది. దర్వీష్, అల్-ఖాసిం ఈ పత్రికలలో రాయడమే కాక సంపాదక బాధ్యతలూ నిర్వహించారు. అరబ్బులు, యూదులు సమాన సభ్యులుగా ఉన్న పార్టీ కావడం వల్ల ఈ పత్రికలకు భిన్నమతస్థులైన రచయితలు సహజంగానే చేరువయ్యారు.

ఇదే కాలంలో 1950-51 మధ్య ఇరాక్ నుంచి లక్షా ఇరవై వేలకు పైగా యూదులు ఇజ్రాయెల్ చేరారు. వీరిలో చాలామందికి తాత్కాలిక శిబిరాలే నివాసాలయ్యాయి. వారి మాతృభాష అరబిక్. బాగ్దాద్‌లో ఆధునిక అరబిక్ కవిత్వాన్ని చదువుతూ పెరిగిన యువకులకు కొత్త దేశంలో తమ భాష శత్రువు భాషగా చలామణీ కావడం ఎదురుదెబ్బ అయింది. సాసోన్ సోమెఖ్, దావీద్ సెమాహ్, షిమోన్ బల్లాస్, సామీ మిఖాయేల్ ఈ తరానికి చెందినవారు. వీరు అల్-ఇత్తిహాద్, అల్-జదీద్ పత్రికలలో అరబిక్‌లో రాశారు. సెమాహ్, సోమెఖ్ 1954లో టెల్ అవీవ్‌లో అరబిక్ సాహిత్య మిత్రుల సంఘాన్ని ఏర్పాటు చేశారు.

ఇక్కడ గమనించవలసిన విషయం భాష. గలిలీ రైతు బిడ్డనూ బాగ్దాద్ యూదు యువకుడినీ కలిపినది వేదాంత చర్చ కాదు. ఇద్దరూ ఒకే ఛందస్సులో, ఒకే కావ్యభాషలో ఆలోచించగలగడం. పాలస్తీనా కవులకు అరబ్ ప్రపంచంతో సంబంధం తెగిపోయింది. బైరూట్, కైరో పుస్తకాలు సరిహద్దు దాటి రావు. అటువంటప్పుడు బాగ్దాద్ సాహిత్య వాతావరణాన్ని ప్రత్యక్షంగా ఎరిగిన యూదు రచయితల రాక అరబిక్ ఆధునికతతో వారికి దొరికిన అరుదైన లంకెలలో ఒకటిగా భావించవచ్చు.

మతం ఆధారంగా విడదీయాలన్న రాజ్యనీతిని నిరాకరించడం ఈ వర్గపు మరో లక్షణం. 1956 నుంచి ద్రూజ్ పురుషులకు సైనిక సేవ తప్పనిసరి అయింది. ముస్లింలకు, క్రైస్తవులకు అది లేదు. ద్రూజ్‌లను అరబ్ సమాజం నుంచి వేరు చేసే ఈ విధానాన్ని సమీహ్ అల్-ఖాసిం వ్యతిరేకించారు. సైన్యంలో చేరడానికి నిరాకరించి జైలుకు వెళ్లారు. తన మతం పేరిట దక్కే ప్రత్యేక స్థానాన్ని కాదనడం కూడా మతాంతర సంఘీభావమే.

4. కఫ్ర్ ఖాసిం ఘటన - ఉమ్మడి స్మృతి:

1956 అక్టోబర్ 29న కఫ్ర్ ఖాసిం గ్రామంలో సాయంత్రం 5 గంటల నుంచి కర్ఫ్యూ అమలవుతుందని సుమారు అరగంట ముందు మాత్రమే ప్రకటించారు. పొలాలకు, పనులకు వెళ్లినవారికి ఆ సంగతి తెలియదు. ఇళ్లకు తిరిగివస్తున్నవారిపై సరిహద్దు పోలీసులు కాల్పులు జరిపారు. గర్భస్థ శిశువుతో కలిపి 49 మంది మరణించినట్లు గ్రామస్థుల లెక్క. వార్తపై సెన్సారు విధించారు. కమ్యూనిస్టు పార్లమెంటు సభ్యులైన తౌఫీఖ్ తూబీ, మేయిర్ విల్నర్ గ్రామంలోకి ప్రవేశించి వివరాలు సేకరించారు. వీరిలో మొదటివారు అరబ్ క్రైస్తవులు, రెండవవారు యూదులు. వారి ప్రయత్నంతో నిజం బయటికి పొక్కింది.

పాలస్తీనా కవులలో చాలామంది ఈ ఘటనపై కవితలు రాశారు. దావీద్ సెమాహ్ కూడా అరబిక్‌లో కవిత రాశారు. ఆయన కవితా సంపుటి 1959లో వెలువడింది. ఒక యూదు కవి, యూదు రాజ్యపు పోలీసుల చేతిలో మరణించిన ముస్లిం గ్రామీణుల కోసం, ఆ మృతుల భాషలోనే శోకగీతం రాయడం ఈ చరిత్రలో ముఖ్యమైన సందర్భం. అరబిక్ స్మృతికావ్య సంప్రదాయంలో చనిపోయినవారి కోసం విలపించే హక్కు మొదట బంధువులది. సెమాహ్ ఆ సంప్రదాయంలో చేరడం ద్వారా బంధుత్వపు హద్దును విస్తరించారు.

5. ఉమ్మడి ప్రవక్తలు - ప్రతీకల వినియోగం:

మూడు మతాల పుట్టుకతో ముడిపడిన నేల కనుక ఈ కవిత్వంలో మతప్రతీకలు రావడం సహజం. అవి ఎవరి చేతిలో ఎలా మారాయన్నది పరిశీలనార్హం.

5.1 క్రీస్తు ప్రతీక: ఇస్లాం విశ్వాసం ప్రకారం యేసు ప్రవక్త; ఆయన సిలువ మరణాన్ని సంప్రదాయ ఇస్లాం అంగీకరించదు. అయినా ముస్లిం కుటుంబాల నుంచి వచ్చిన పాలస్తీనా కవులు సిలువను తమ ప్రజల బాధకు ప్రతీకగా స్వీకరించారు. ఆధునిక అరబిక్ కవిత్వంలో ఇరాక్ కవి బద్ర్ షాకిర్ అల్-సయ్యాబ్ ఇందుకు దారి వేసి ఉన్నారు. నబ్లూస్ కవయిత్రి ఫద్వా తూఖాన్ 1967 యుద్ధంలో జెరూసలేం ఆక్రమణకు గురైన తరువాత క్రీస్తును సంబోధిస్తూ ఆయన పండుగ సందర్భంగా కవిత రాశారు. ఒక ముస్లిం స్త్రీ తన నగరపు దుఃఖాన్ని క్రైస్తవుల పండుగనాడు చెప్పుకోవడంలో, ఆ నగరం అందరిదన్న వాదం ఇమిడి ఉంది.

5.2 హీబ్రూ ప్రవక్తలు: దర్వీష్ 1966 నాటి "ఆషిఖ్ మిన్ ఫలస్తీన్" సంపుటిలోని ఒక కవితలో వక్త క్రీస్తుతో, మహమ్మదుతో, హీబ్రూ ప్రవక్త హబక్కూకుతో వరుసగా సంభాషిస్తాడు. మూడవవాని ఎంపిక సాహసోపేతమైనది. బైబిల్ పాతనిబంధన ఆ రోజులలో భూమిపై హక్కుకు దస్తావేజుగా వాడుకలో ఉంది. హబక్కూకు అన్యాయాన్ని చూసి దేవుణ్ణే నిలదీసిన ప్రవక్త. దర్వీష్ ఆ ప్రవక్తను పిలవడం ద్వారా హీబ్రూ గ్రంథంలోనే ఉన్న ధర్మాగ్రహాన్ని పీడితుల పక్షాన నిలబెట్టారు. దస్తావేజుగా మారిన గ్రంథాన్ని తిరిగి సాక్షిగా మార్చారు. 1970లలో ఆయన కీర్తనల రూపాన్ని చేపట్టడం కూడా ఈ మార్గానికి కొనసాగింపే.

5.3 యోసేపు కథ: సోదరుల ద్రోహానికి గురైన యోసేపు కథ మూడు మతాలకూ ఉమ్మడి సొత్తు. దర్వీష్ దానిని 1980లలో ఒక కవితకు వస్తువుగా తీసుకొన్నారు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన లెబనాన్ గాయకుడు మార్సెల్ ఖలీఫే దానికి స్వరం కట్టి పాడారు. ఆ కవితలో ఖురాన్ వాక్యపు ఛాయ ఉన్నందున మతాన్ని అవమానించారన్న అభియోగంపై ఖలీఫేను బీరూట్ న్యాయస్థానంలో విచారించి 1999 డిసెంబరులో నిర్దోషిగా ప్రకటించారు. ప్రతీకలు పంచుకోవడం స్వమతంలోని అధికారవర్గాలకూ ఇబ్బంది కలిగించిందని ఈ వ్యాజ్యం నిరూపిస్తున్నది.

6. హీబ్రూ కవిత్వంలో, యూదు ప్రవాస కవిత్వంలో సంఘీభావ స్వరాలు:

అధికార సమాజం లోపలి నుంచి వచ్చిన స్వరాలను వేరుగా పరిశీలించవలసి ఉంది. 1948 నవంబరు 19న దవార్ పత్రికలో నాతన్ అల్తర్మన్ ప్రచురించిన కవిత, జయించిన పట్టణంలో ఒక యువ సైనికుడు నిరాయుధుడైన వృద్ధ అరబ్బును చంపడాన్ని ఖండించింది. ప్రధాని బెన్ గురియన్ దానిని ముద్రించి సైనికులకు పంచే ఏర్పాటు చేశారు. ఈ ఘటనకు రెండు ముఖాలున్నాయి. యుద్ధం నడుస్తుండగానే తమ సైన్యం తప్పును కవి ఎత్తిచూపడం ధైర్యమే. అయితే రాజ్యం ఆ విమర్శను తన నైతికతకు నిదర్శనంగా ఇముడ్చుకొంది. నిర్వాసితులు తిరిగిరావడానికి అది తోడ్పడలేదు. పైగా కవితలోని వృద్ధునికి పేరు లేదు, మాట లేదు. అల్-జదీద్ పుటలలో బాధితుడే కవి.

1982 లెబనాన్ యుద్ధం తరువాత దహ్లియా రవికోవిచ్ వంటి హీబ్రూ కవుల రచనలలో అరబ్ తల్లులు, పిల్లలు నేరుగా కనిపిస్తారు. దూరం నుంచి చూస్తూ ఊరుకొనే పౌరుని నేరాన్ని ఆమె ప్రశ్నించారు.

ప్రవాస యూదు కవులలో ఎరిఖ్ ఫ్రీడ్ ప్రత్యేకంగా పేర్కొనదగినవారు. 1921లో వియన్నాలో పుట్టిన ఆయన తండ్రి 1938లో గెస్టపో విచారణ అనంతరం మరణించారు. ఫ్రీడ్ లండన్‌కు పారిపోయి బతికారు. జర్మన్ భాషలో 1974లో ఆయన వెలువరించిన సంపుటి శీర్షిక "ఓ ఇజ్రాయెలూ వినుము" అన్న యూదుల నిత్యప్రార్థన తొలి మాటలే. ప్రతి యూదుడూ ఎరిగిన ప్రార్థనను తన సమాజానికి హెచ్చరికగా మలచిన ఆయన నాజీ హింస అనుభవం మరొకరి బాధను గుర్తించే శక్తినివ్వాలన్నారు. దీనికి ఆయన తీవ్ర నిందలు ఎదుర్కొన్నారు. పరమతపు ప్రతీకను గౌరవించడం కంటే స్వమతపు ప్రార్థనతో స్వజనులను నిలదీయడం కష్టతరమని ఫ్రీడ్ ఉదాహరణ తెలుపుతున్నది.

7. అనువాదం - వారధి, సాక్ష్యం:

రషీద్ హుసేన్ జీవితం ఈ చరిత్రలోని ఆశకూ, విషాదానికీ ప్రతినిధి. 1936లో ముస్ముస్ గ్రామంలో పుట్టిన ఆయన రెండు భాషలలోనూ నిష్ణాతులు. హీబ్రూ జాతీయకవి బియాలిక్ కవితలను అరబిక్‌లోకి అనువదించారు. ఆ గ్రంథం 1966లో వచ్చింది. హీబ్రూ కవి నాతన్ జఖ్‌తో కలిసి అరబ్ జానపద గేయాలను హీబ్రూలోకి తెచ్చారు. రెండు సమాజాలు పరస్పరం చదువుకొంటే న్యాయం సాధ్యమని నమ్మిన కవి ఆయన. ఆ నమ్మకానికి తగిన ఫలితం దక్కలేదు. దేశం విడిచి న్యూయార్క్ చేరి, 1977లో అక్కడే తన నివాసంలో జరిగిన అగ్నిప్రమాదంలో మరణించారు.

షిమోన్ బల్లాస్ ఎదుటి దిశలో ఇదే పని చేశారు. హీబ్రూ నవలాకారునిగా మారిన తరువాత 1970లో పాలస్తీనా కథలను హీబ్రూలోకి అనువదించి సంకలనంగా ప్రచురించారు.

అనువాదం సంఘీభావానికి ఎంత ఉపయోగపడుతుందో, నిర్బంధానికీ అంత ఉపయోగపడుతుందని దారీన్ తతూర్ వ్యాజ్యం నిరూపించింది. నజరేతు సమీపంలోని రైనా గ్రామానికి చెందిన ఈ కవయిత్రిని 2015 అక్టోబరులో, సామాజిక మాధ్యమంలో ఉంచిన కవిత తదితరాల ఆధారంగా అరెస్టు చేశారు. అభియోగంలో వాడిన హీబ్రూ అనువాదం ఒక పోలీసు చేసినది. "షహీద్" అన్న పదం అరబిక్‌లో అన్యాయంగా మరణించిన అమాయకులకూ వర్తిస్తుంది. అభియోగపక్షం దానిని దాడి చేసి చనిపోయినవాడన్న అర్థానికి కుదించింది. హీబ్రూ సాహిత్య ఆచార్యులు నిస్సిం కల్డెరోన్, అనువాద నిపుణులు యోని మెండెల్ ఆమె పక్షాన సాక్ష్యమిచ్చారు. కల్డెరోన్ హీబ్రూ కవిత్వంలోనూ ఇటువంటి ఆగ్రహపు సంప్రదాయం ఉందని వివరించారు. 2018లో ఆమెకు ఐదు నెలల శిక్ష పడింది. 2019లో నజరేతు జిల్లా న్యాయస్థానం కవితకు సంబంధించిన దోషనిర్ధారణను రద్దు చేసింది. మిగిలిన అభియోగాలు నిలిచాయి. ఒక పదానికి సరైన అర్థం చెప్పడమే ఇక్కడ సంఘీభావ కార్యమైంది.

8. పరిమితులు:

ఈ చరిత్రను విజయగాథగా చెప్పడం సరికాదు. 1965లో కమ్యూనిస్టు పార్టీ ప్రధానంగా యూదు, అరబ్ వర్గాలుగా చీలిపోయింది. అంతకుముందే మిఖాయేల్, బల్లాస్ పార్టీకి దూరమయ్యారు. అరబిక్ చదివే యూదు పాఠకులు తరంతో పాటు తగ్గిపోయారు. బల్లాస్, మిఖాయేల్ హీబ్రూ నవలాకారులయ్యారు. సోమెఖ్, సెమాహ్ విశ్వవిద్యాలయాలలో అరబిక్ సాహిత్య పరిశోధకులయ్యారు. ఉమ్మడి వేదిక, ఉమ్మడి భాష రెండూ సన్నగిల్లేసరికి ఉమ్మడి కవిత్వమూ సన్నగిల్లింది.

ఇరుపక్షాల స్థితి సమానం కాదన్న వాస్తవం రెండవ పరిమితి. శిబిరంలో ఇరాక్ యూదు రచయిత పేదవాడే కావచ్చు, వివక్షకు గురైనవాడే కావచ్చు. కానీ అతనికి ప్రయాణ అనుమతిపత్రం అక్కరలేదు. అతడు వెనుదిరిగి హీబ్రూలోకి వెళ్లగలడు. నిర్వాసితునికి తిరిగివెళ్లేందుకు ఊరే లేదు.

మూడవది, ఎదుటివానిని మనిషిగా చూపినందుకు కవి స్వజనుల నుంచే విమర్శ ఎదుర్కొనడం. 1967 యుద్ధం తరువాత దర్వీష్ ఒక ఇజ్రాయెలీ సైనికుని అంతర్మథనాన్ని కవితగా రాశారు. ఆ సైనికుడు తానేనని చరిత్రకారుడు ష్లోమో సాండ్ తరువాత వెల్లడించారు. శత్రుసైనికునికి మానవముఖం ఇచ్చారని అరబ్ ప్రపంచంలో ఆ కవితపై ఆక్షేపణలు వచ్చాయి. దీనికి భిన్నంగా, అతిప్రశంస కూడా కవిత్వానికి చేటు చేస్తుందని ఆయన 1969లో ఒక వ్యాసంలో అరబ్ విమర్శకులను హెచ్చరించారు. తమను పాలస్తీనీయులైనందుకు కాక కవులుగా పరీక్షించాలని కోరారు. సంఘీభావం విమర్శకు మినహాయింపు కాదన్న ఈ సూత్రం నేటి పరిశోధకులకూ వర్తిస్తుంది.

9. ముగింపు:

• పాలస్తీనా ప్రతిఘటన కవిత్వంలో మతాంతర సంఘీభావం ఉపదేశంగా పుట్టలేదు. సైనిక పాలన, సెన్సారు, శిబిర జీవితం వంటి భౌతిక పరిస్థితులలో, అల్-ఇత్తిహాద్, అల్-జదీద్ పత్రికల ఆధారంగా అది రూపొందింది.

• అరబిక్ భాష ఈ సంఘీభావానికి ప్రధాన బంధం. యూదు రచయితలు అరబిక్‌ను విడిచిన కొద్దీ ఆ బంధం బలహీనపడింది.

• క్రీస్తు, హబక్కూకు, యోసేపు వంటి ఉమ్మడి ప్రతీకలు భూమిపై ఏకమతపు హక్కు అన్న వాదానికి కవిత్వపరమైన ఖండనగా పనిచేశాయి.

• బాధితుని పట్ల సానుభూతికీ, బాధితునితో ఒకే వేదికపై నిలబడడానికీ గల అంతరాన్ని అల్తర్మన్, సెమాహ్ రచనల పోలిక స్పష్టం చేస్తున్నది.

• అనువాదకుడు తటస్థుడు కాడు. రషీద్ హుసేన్ వేసిన వారధి, తతూర్ వ్యాజ్యంలోని అనువాదం ఒకే ప్రక్రియకు రెండు వినియోగాలు.

2023 డిసెంబరు 6న గాజాలో ఇజ్రాయెల్ వైమానిక దాడిలో మరణించిన ఆంగ్ల సాహిత్య అధ్యాపకుడు, కవి రెఫాత్ అల్-అరీర్ రాసిన కవిత ఆయన మరణానంతరం ఎన్నో భాషలలోకి వెళ్లింది. వాటిలో తూర్పు యూరప్ యూదుల భాష యిద్దిష్ కూడా ఉంది. యూరప్‌లో ఆ భాష మాట్లాడినవారిలో అత్యధికులు నాజీల చేతిలో హతులయ్యారు. ఆ భాషలో ఒక గాజా కవి మాట వినిపించడం సెమాహ్ 1956లో ఎంచుకొన్న మార్గం పూర్తిగా మూసుకుపోలేదని సూచిస్తున్నది. అయితే అల్-జదీద్‌లో కవులు బతికి ఉండగా పక్కపక్కనే రాశారు. ఇక్కడ అనువాదం కవి మరణం తరువాత వచ్చింది. ఈ రెండింటి మధ్య దూరమే ఆ చరిత్ర కోల్పోయినదానికి కొలమానం.